గాలిసీమలో కంటి తడి

ఆషాఢ శ్రావణ మాసములలో కుందుర్పి దుర్గము మీదుగ వీచు గాలి ఎట్టిదో ఆ సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మేఘములు కొండపైగా తేలిపోవుచుండును, వాన పడదు, గాలి మాత్రము రేయింబవళ్ళు వీచుచునే యుండును. ఆ దినములలో అరుగులపై కూర్చుండిన పెద్దల కన్నులనుండి నీరు కారుట సర్వసామాన్యము. "ఏమవ్వా, ఏడుస్తాండావా?" అని ఎవరైన పరిహాసమునకు అడిగినచో, "ఏడ్చేదేముండాది నాయనా, గాలికి కండ్లు నీళ్ళు కారుతాండాయి, అంతే" అని జవాబు వచ్చును. అడిగినవారును, చెప్పినవారును ఆ మాటను అంతటితో మఱచిపోవుదురు. నీరు కారు కన్ను తడిగల కన్నే గదా యని ఇరువురి తలంపు.

ఆ తలంపు తఱచుగ తప్పగుచున్నది. దానిని సవరించుటయే ఈ ప్రసంగమున మా ముఖ్యోద్దేశము. గాలికి ధారగ నీరు కార్చు కన్ను పెక్కు సందర్భములలో ఎండిపోవుచున్న కన్ను. ఇసుక పడినట్లు గరగరలాడుట, మంట, సాయంకాలమునకు ఱెప్పలు బరువెక్కుట, చదువుచుండగా అక్షరములు మసకబారి ఱెప్ప వేసినంతనే మరల తేటపడుట, ఇవియన్నియు దాని గుఱుతులు. వైద్యులు దీనిని పొడికన్ను అందురు.

అనంతపురము జిల్లాలో కన్నడసీమ సరిహద్దు ప్రక్కనున్న మండలము కుందుర్పి. నైరుతి ఋతుపవనములు తమ బరువును పడమటి కనుమలపై దింపుకొని తేలికపడి ఇచ్చటికి వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. రెండింటికిని ఎడమైన ఈ జిల్లాలో ఏడాదికి పడు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. గాలికి మాత్రము కఱవు లేదు. ఆ గాలిని నమ్మియే 1990 దశకమున రామగిరి కొండలపై గాలిమరలు నిలిపిరి. అరకొరగ నిండిన చెఱువులోని నీరు మడికి పాఱకయే ఎండకును గాలికిని హరించిపోవుట ఇచ్చటి రైతు ఎఱిగిన బాధ. కంటిలోని నీటి సంగతియు దాదాపు అట్టిదే.

కంటిగ్రుడ్డుపై ఎల్లవేళల పఱచియుండు కన్నీటి పొర మందము తలవెండ్రుక మందములో సుమారు ఇరువదవ వంతు. మందుసీసానుండి జాఱు ఒక్క చుక్కలో ఆఱవ వంతుపాటి నీరు మాత్రమే కంటిపై నిలిచియుండును. ఇంత పలుచని పొర ఆఱిపోక నిలుచుటకు ప్రకృతి ఒక ఉపాయము చేసినది. గ్రుడ్డును అంటి జిగురువంటి పదార్థము, దానితో కలసి నీరు, అన్నిటికిని పైన సన్నని నూనెపొర. జిగురు నీటిని గ్రుడ్డుకు అంటిపెట్టును. నూనె ఆవిరి కానీయదు. ఆ నూనె ఱెప్పల అంచులలోని చిన్నచిన్న గ్రంథులనుండి వచ్చును. ఒక్కొక్క ఱెప్పలో ఇరువదికి తక్కువకాకుండ ఇవి వరుసగా నుండును. 1666లో వీనిని వివరించిన జర్మను వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరిటనే నేటికిని వీనిని మైబోమియన్ గ్రంథులని వ్యవహరించుచున్నారు.

ఇచ్చట ఒక పోలిక చెప్పుట బాగుండును. 1950 దశకమున ఆస్ట్రేలియాలో మాన్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞుడు జలాశయములలోని నీరు ఆవిరియై పోకుండ నీటిపై సిటైల్ ఆల్కహాల్ అను మైనమువంటి పదార్థమును అత్యంత పలుచని పొరగా పఱచి చూచెను. గాలి లేనప్పుడు ఆ పొర నీటిని కాపాడెను. గాలి లేచిన దినమున పొర చెదరి ఒక గట్టునకు కొట్టుకొనిపోయెడిది. మరల పఱచవలసి వచ్చెడిది. మన కంటిలో ఆ పఱచు పనిని ఱెప్ప చేయుచున్నది. ఱెప్ప పడిలేచిన ప్రతిమాఱును నూనె కొంచెము వెలికివచ్చి గ్రుడ్డుపై సమముగ పరచుకొనును. ఱెప్ప వేయుట మానినను, నూనె చిక్కబడి గ్రంథులలోనే నిలిచిపోయినను, గాలి మిక్కుటమైనను నీటిపొర నడుమ నడుమ చిట్లి, గ్రుడ్డుపై ఎండిన మచ్చలు ఏర్పడును.

మఱి అంత నీరు కారుటకు కారణమేమి? ఎండిన మచ్చ తగిలినంతనే కంటిలోని నరములు మెదడునకు మొఱపెట్టుకొనును. మెదడు ఆజ్ఞపై కనుబొమ్మ క్రింద వెలుపలి మూలనున్న అశ్రుగ్రంథి ఒక్కసారిగ నీటిని వదలును. ఏండ్ల తరబడి ఎండిన వంకకు ఒక్కరాత్రి వఱద వచ్చినట్లు ఆ నీరు చెక్కిళ్ళపైకి పొర్లిపోవును గాని నిలువదు, ఏలయన దానిని నిలుపవలసిన నూనెయు జిగురును తగినంత లేవు. కొంతసేపటికి కన్ను మరల ఎండును, మరల వఱద వచ్చును. అయితే నీరు కారు కన్నులన్నియు పొడికన్నులే యని అనరాదు. కన్నీటిని ముక్కులోనికి దింపు నాళము మూసుకొనిపోయినను, ఱెప్ప వెండ్రుకలు లోనికి తిరిగి గ్రుడ్డును గీచుచున్నను నీరు కారును. ఱెప్పలు ముడుచుకొని వెండ్రుకలు లోనికి మళ్ళుటకు పూర్వము ట్రకోమా అను అంటువ్యాధి పెద్ద కారణము. ప్రజారోగ్య సమస్యగా ఆ వ్యాధిని భారతదేశము నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో ప్రకటించినది. కాని పూర్వము దాని వాతబడిన వృద్ధుల ఱెప్పలపై ఆ మచ్చలు ఇంకను ఉండవచ్చును. అందుచేత ఒక కంటనే నీరు కారుచున్నను, పుసి గట్టుచున్నను వైద్యునకు చూపవలెను.

పొడికన్నుకు ఎక్కువగ గుఱియగువారు ఎవరు? ఏబది దాటినవారు, అందులోను బహిష్టులు ఆగిన స్త్రీలు. మధుమేహము, కీళ్ళవాతము గలవారు. జలుబుకు, దురదకు వాడు కొన్ని మాత్రలు, మనోవ్యాధులకు వాడు కొన్ని మందులు కూడ కన్నీటిని తగ్గించును. మ్రింగునది ఒకచోటికి, ఎండునది వేఱొకచోట. శుక్లమునకు శస్త్రచికిత్స జరిగిన తరువాత కొన్ని నెలలు పొడితనము ఉండుట కలదు. శస్త్రచికిత్స చెడినదని భయపడనక్కఱలేదు. ఇక వృత్తిని బట్టి చూచినచో, దినమంతయు బీళ్ళలో గాలికి ఎదురుగ నడచు గొఱ్ఱెల కాపరి, వేరుసెనగ నూర్పిళ్ళలో దుమ్మున నిలుచు కూలీ, ద్విచక్రవాహనముపై కళ్యాణదుర్గమునకు పోయివచ్చు ఉద్యోగి, కట్టెపొయ్యి ముందు కూర్చుండు గృహిణి ఒక్క తీరుననే బాధపడుదురు.

వీరికి తోడుగ ఈ కాలమున మఱియొక వర్గము చేరినది. చరవాణి తెఱను కన్నార్పక చూచు వర్గము. సాధారణముగ మనము నిమిషమునకు సుమారు 15 మాఱులు ఱెప్ప వేయుదుము. తెఱను తదేకముగ చూచునప్పుడు అది సగమునకో అంతకంటె తక్కువకో పడిపోవును. వేసినది కూడ సగము ఱెప్పయే, అడుగువఱకు దిగదు. అనగా నూనె పఱచు పని సగము చోటనే జరుగును. రేడియో పెట్టె ముందు కూర్చుండినవారికి ఈ బాధ లేదు. అది చెవుల నడుగును గాని కన్నుల నడుగదు. మేము ఇట్లనుట స్వపక్షపాతమని పాఠకులు నవ్వవచ్చును. నవ్వినను మాట నిజమే.

చేయదగిన పనులలో మొదటిది కాసులేని పని: ఱెప్పను పూర్తిగ వేయుట. పుస్తకమో, కుట్టుపనియో, తెఱయో ముందున్నప్పుడు ఇరువది నిమిషముల కొకమాఱు చూపు మరల్చి, వాకిటికి అవతలనున్న చెట్టునో కొండనో ఇరువది క్షణములు చూడవలెను. ఆ నడుమ పది మాఱులు కన్నులు మెల్లగ మూసి, మూసినప్పుడు ఒకటి రెండు లెక్కించి తెఱవవలెను. చదువునది కంటి మట్టమునకు దిగువనుండినచో ఱెప్ప కొంత దిగియుండును. గాలి తగులు చోటు తగ్గును. తెఱను ఎత్తుగ గోడకు బిగించి తలయెత్తి చూచుట కంటికి మంచిది కాదు. పిల్లవాడు పుస్తకమును ముక్కునకు ఆనించి చదువుచున్నచో అది పొడితనము కాదు, అద్దములు కావలసిన చూపు. 2019 అక్టోబరు 10న అనంతపురమున ఆరంభమైన కంటివెలుగు పథకము తొలివిడతలో బడిపిల్లల కన్నులను పరీక్షించుటకు కారణమిదియే.

రెండవది గోరువెచ్చని కాపడము. చలికాలమున గిన్నెలో నెయ్యి పేరుకొన్నట్లే ఱెప్పల గ్రంథులలో నూనె పేరుకొనును. వేడి తగిలినగాని కరగదు. దీనికి నీరు ఎక్కువ అక్కఱలేదు. నీటి ఎద్దడిగల ఊరిలోను ఒక్క చెంబెడు చాలును. శుభ్రమైన మెత్తని గుడ్డను వేడినీట ముంచి పిండి, మునుచేతిపై పెట్టి చూచి, చుఱుక్కుమననిచో మూసిన కన్నులపై వేసికొనవలెను. చల్లాఱినప్పుడెల్ల మరల ముంచుచు ఐదునుండి పది నిమిషములు ఉంచవలెను. పిదప శుభ్రమైన వ్రేలితో పై ఱెప్పను క్రిందికి, క్రింది ఱెప్పను పైకి, వెండ్రుకల మొదళ్ళ దిక్కుగ మెల్లగ నిమురవలెను, గ్రుడ్డుపై ఒత్తరాదు. ఱెప్పల అంచున పొట్టువలె పట్టినదానిని తడిగుడ్డతో తుడువవలెను. ఎవరి గుడ్డ వారిదే. ఇంటిల్లిపాదికి ఒకటే గుడ్డ వాడినచో ఒకరి కలక అందఱకు అంటును. రెండు మూడు దినములు చేసి గుణము లేదని మానువారే అనేకులు. దీని ఫలము వారములమీద గాని తెలియదు.

గాలికి అడ్డము పెట్టుట మూడవది. కాపరులు తలగుడ్డ కొసను కనుబొమ్మలవఱకు లాగుకొనుట, స్త్రీలు కొంగును ముసుగుగ వేసికొనుట ఎండకొఱకే యనుకొందుము. గాలికిని అది మంచి రక్షణమే. ప్రక్కలు మూసినట్టి కళ్ళద్దములు, చూపుకు అవసరము లేకున్నను, పొలమునను బండిపైనను వాడదగినవి. నూర్పిడి యంత్రముకడను, చేటతో తూర్పారబట్టునప్పుడును దుమ్ము తనవైపు కొట్టుకొనిరాకుండ గాలికి వెన్నిచ్చి నిలువవలెను. పని తెలిసినవారు సహజముగ అట్లే నిలుతురు; క్రొత్తగ వచ్చిన కూలీకి ఒకరు చెప్పవలెను. ఇంటిలో విద్యుత్ పంకా గాలి ముఖముపై నేరుగ పడకుండ మంచము జరుపుకొనవలెను. నిద్రలో కొందఱి ఱెప్పలు సందు విడిచియుండును. పంకా క్రింద పండుకొని తెల్లవాఱుజామున కన్నులు మంటతో తెఱచువారు దీనిని గమనింపవలెను. పొగత్రాగువారి సంగతి వేఱుగ చెప్పనేల? వారి ప్రక్కన కూర్చుండినవారి కన్నులకును అది శత్రువే.

కడవలకొలది నీరు త్రాగినచో కంటి పొడి తీఱునని కొందఱందురు. వేసవిలో చెమటకు సరిపడ నీరు త్రాగవలసినదే. కాని దప్పిక లేనివాడు బలవంతముగ త్రాగిన నీరు కంటికి చేరదు. ఱెప్పల నూనెను అది పెంచదు.

ఆహారమును గూర్చి ఇంకొంత జాగ్రత్తగ చెప్పవలసియున్నది, ఏలయన రెండు వేఱువేఱు పొడితనములను జనులు ఒకటిగ భావించుచున్నారు. విటమిన్ ఎ లోపించిన బిడ్డకు మొదట రేచీకటి వచ్చును. దీపము పెట్టువేళకు గడప తన్నుకొని పడును. పిదప తెల్లగ్రుడ్డు కాంతి తప్పి, నురుగువంటి మచ్చలు తేలును. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగ పోవును. కఱవు కాలములలో పూర్వము ఎందఱో బిడ్డలు ఇట్లు అంధులైరి. నేడు హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థగ నున్న పరిశోధనాలయపు కృషి ఫలితముగ, 1970 నుండి ఆఱు నెలల కొకమాఱు 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ద్రవమును పసిబిడ్డలకు నోట పోయు పద్ధతి దేశమున అమలులోనికి వచ్చినది. ఆరోగ్య కార్యకర్త పిలిచిన దినమున బిడ్డను తీసికొనిపోవుట తల్లి మఱువరాదు. తానుగ కొని మోతాదు మించి పోయుటయు తగదు.

ఈ విటమినునకు మూలమైన పదార్థము మునగాకు, తోటకూర, కరివేపాకు, బొప్పాయి, మామిడిపండ్లలో సమృద్ధిగ నున్నది. అది ఒంటికి పట్టుటకు కొంచెము నూనె కావలెను. ఈ విషయమున అనంతపురము వంటకు లోటులేదు. మునగాకు వేపుడులో చల్లిన వేరుసెనగ పొడియు, రాగిసంగటి ప్రక్కన పెట్టిన ఊరిబిండియు ఆ పనిని చేయగలవు. వాన తప్పిన ఏడును పెరటిలో ఒక మునగచెట్టు బ్రతుకును. పాత్రలు కడిగిన నీరు దాని మొదట పోసినను చాలును. అయితే చక్కగ తినుచున్న పెద్దవారికి గాలివలన కలిగిన పొడితనమును మునగాకు పోగొట్టునని మేము చెప్పజాలము. చేపనూనె గుళికల విషయమును అట్టిదే. 2018లో అమెరికాలో 535 మంది పొడికన్ను రోగులపై ఏడాదిపాటు జరిగిన పరీక్షయందు చేపనూనె పుచ్చుకొన్నవారికిని, దానికి బదులు ఆలివ్ నూనె పుచ్చుకొన్నవారికిని గుణములో చెప్పదగిన భేదము కనబడలేదు. ఖరీదైన గుళికలకు పెట్టు ధనమును పండ్లకు, ఆకుకూరలకు పెట్టుట మేలని మా అభిప్రాయము.

ఇంతవఱకు చెప్పిన బాధ చిఱాకు పెట్టునదే గాని సాధారణముగ చూపు తీయునది కాదు. చూపు తీయునది, దానిని తగ్గించుటకు మనము కంటిలో వేయు పదార్థములు. కన్ను మండినచో వేడి చేసినదందుము. ఆముదము చుక్క, ఆకుపసరు, చనుబాలు, తేనె వేయుదుము. ఇవి వేసిన పెద్దల ప్రేమను మేము శంకింపము. కాని కంటిలోనికి పోవునది సూక్ష్మజీవులు లేనిదై యుండవలెను. గానుగనుండి వచ్చిన ఆముదముగాని, చేతితో నలిపిన ఆకుగాని అట్టివి కావు. కనుఱెప్పలకు దిద్దు సురుమాలలో సీసము కలిసియుండుట అనేక దేశముల పరీక్షలలో బయటపడినది. పసిబిడ్డకు అది కన్నును దాటి ఒడలికే విషము.

వేరుసెనగ పీకుకాలమున, జొన్న కోతలలో, ఆకో మట్టిపెళ్ళయో కంటికి తగులుట తఱచు జరుగును. ఆ చిన్న గీతలోనికి మట్టిలోని బూజు చేరి నల్లగ్రుడ్డుపై పుండగును. మానిన పిదప తెల్లని పువ్వు నిలిచిపోవును. దక్షిణదేశమున పొలముపని చేయువారి కంటి పుండ్లకు బూజు ముఖ్యకారణములలో ఒకటియని హైదరాబాదు, మధుర నగరముల నేత్రవైద్యశాలలలోని పరిశీలనలు చూపినవి. ఇట్టి కంటికి పసరు పోయుట అగ్నికి ఆజ్యము పోయుటయే. అంతకంటె ప్రమాదకరమైనది మందుల అంగడిలో చీటి లేకుండ కొను స్టిరాయిడ్ చుక్క. ఎఱుపు ఒక్కపూటలో తగ్గును, అది మంచి మందని పొరుగువారికి కూడ చెప్పుదురు. లోపల బూజు నిరాటంకముగ ప్రాకును. నెలల తరబడి వాడినవారికి నీటికాసులును, శుక్లమును వచ్చు అవకాశము కలదు. నొప్పి, వెలుతురు చూడలేకుండుట, చూపు మందగించుట, నల్లగ్రుడ్డుపై తెల్లని చుక్క, వీనిలో ఏదియున్నను మఱునాటివఱకు ఆగరాదు. పంట పనులున్నవని, బస్సు తప్పినదని వాయిదా వేసిన రెండు దినములలో పోయిన చూపు తిరిగిరాదు.

కేవలము పొడితనమే యైనచో కన్నీటికి బదులుగ పనిచేయు చుక్కలు కలవు. వానిలో కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనునది విరివిగ వాడబడుచున్నది. ఒక కంటికి ఒక చుక్క చాలును; కన్ను అంతకుమించి పట్టలేదని పైన చెప్పిన లెక్కయే తెలుపుచున్నది. దినమునకు నాలుగుమాఱులకు మించి వాడవలసివచ్చినచో, నిలువ కొఱకు బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపని రకమును అడుగవలెను. ఆ ద్రవ్యము మాటిమాటికి పడినచో అదియే కంటిని ఎండించును. మూత తీసిన సీసాను, పైని వేఱుగ వ్రాసియుండనిచో, నెల దాటి ఉంచరాదు. సీసా కొన ఱెప్పకు తగులరాదు.

కాపడము, చుక్కలు నెల రెండు నెలలు వాడినను శాంతింపని కన్నును నేత్రవైద్యునకు చూపవలెను. నోరు కూడ ఎండుచు, కీళ్ళు నొచ్చుచున్నచో ఆ మాట తప్పక చెప్పవలెను. ఈ మూడింటికిని సంబంధము గల వ్యాధిని 1933లో స్వీడను దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ విపులముగ వర్ణించెను. నడివయస్సు స్త్రీలలో అది ఎక్కువ. ఇక పరీక్షకు భయపడవలసినది లేదు. 1903లో జర్మను వైద్యుడు ఒట్టో షిర్మర్ ప్రకటించిన పద్ధతి ఇప్పటికిని వాడుకలో నున్నది: 35 మిల్లీమీటర్ల పొడవుగల వడపోత కాగితపు ముక్క కొసను మడచి క్రింది ఱెప్పలో తగిలించి ఐదు నిమిషములు కన్ను మూసి కూర్చుండబెట్టుదురు. తడి ఐదు మిల్లీమీటర్ల లోపుననే ఆగినచో కన్నీరు చాల తక్కువయని గ్రహింతురు. రంగుచుక్క వేసి నీలివెలుగులో ఎండిన మచ్చలను చూచుట మఱియొక పద్ధతి. వైద్యునికడకు పోవునప్పుడు ఇంటిలో వాడుచున్న మాత్రలన్నిటిని, అంతకుముందు కంటిలో వేసిన చుక్కల సీసాను కూడ సంచిలో వేసికొనిపోవలెను. పసరు వేసియున్నచో సిగ్గుపడక అదియు చెప్పవలెను.